జానమ్మ పట్టుకున్న చెయ్యి

నా బిడ్డకు ఏదైనా అయితే, ఎక్కడ అయిందో చెప్పడానికి ఒకప్పుడు దాని దగ్గర మాట లేదు. కన్ను, ముక్కు, మోకాలు, మడమ అన్నీ చెప్పేది. చిటికెన వేలు కూడా చెప్పేది. నడుముకూ తొడలకూ మధ్య మాత్రం ఖాళీ. ఆ ఖాళీ పెట్టింది నేనే. రేపు అక్కడ నొప్పి పుడితే, దెబ్బ తగిలితే, ఎవడైనా చెయ్యి వేస్తే, అది నా ముందు నిలబడి ఏమీ అనకుండా ఊరుకుంటుందేమో. నేను దాని నుదురు తాకి చూసి, జ్వరం లేదులే అని నా పని చూసుకుంటానేమో అనిపించేది.

ఈ భయం నాకు మొదట్నుంచీ లేదు. నేను దేవరకొండలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్తాను. ప్రత్యుత్పత్తి వ్యవస్థ పాఠం వస్తే బోర్డు మీద బొమ్మ గీసి, ప్రతి భాగానికీ బాణం గుర్తు పెట్టి పేరు రాస్తాను. ఇంటికొచ్చి బిడ్డకు స్నానం చేయించేటప్పుడు మాత్రం "అక్కడ కడుక్కో" అంటాను. రెండింటికీ మధ్య ఉన్న తేడా నాకు ఏనాడూ కనిపించలేదు. కనిపించేలా చేసింది జానమ్మ.

నా కూతురు నిహారికకు ఏడాదిన్నర నిండినప్పుడు, 2020లో, జానమ్మ మా ఇంట్లో పనికి కుదిరింది. నేను కాలేజీకి పోయి వచ్చేదాకా పాపను చూసుకోవడం ఆమె పని. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి. ఊరు డిండి దిక్కు ఒక పల్లె. మనిషి సన్నగా ఉంటుంది, మాట తక్కువ. అంతకు ముందు అయిదేళ్లు సర్కారు దవాఖానలో కాన్పుల వార్డు ఆయాగా చేసింది. కాంట్రాక్టరు మారి పాతవాళ్లను తీసేస్తే మా ఇంటికొచ్చింది. దవాఖాన అలవాట్లు కొన్ని పోలేదు. పాపను ఎత్తుకునే ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. మా అత్త అరుణమ్మ ఆడవాళ్ల లోపలి బట్టలను తువ్వాలు కింద దాచి ఆరేస్తుంది, మా ఇళ్లలో అందరూ అంతే. జానమ్మ పాప చెడ్డీలను నడి వాకిట్లో, తీగ మీద, ఎండకు ఎదురుగా పరిచేది. ఎండ తగలకుంటే పుండ్లయితాయని చెప్పేది. మా అత్త వాటిని తీసి మళ్లీ తువ్వాలు కిందికి మార్చేది. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. రెండేళ్లు అట్లాగే నడిచింది.

2022 జూన్‌లో ఒక ఆదివారం వాకిట్లో మామిడికాయ తొక్కు పని జరుగుతోంది. మా అత్త ముక్కలు కొడుతోంది, పక్కింటి సావిత్రమ్మ తుడుస్తోంది. అందరం ఉన్నామని జానమ్మను కూడా పిలిపించాం, ఆమె ఆవాలు చెరుగుతోంది. నిహారికకు మూడున్నరేళ్లు. చెట్లకు నీళ్లు పెట్టే పైపు పట్టుకుని ఆడుతోంది. పైపు మడత పడి నీళ్లు ఆగిపోయాయి. పాప దాన్ని రెండుసార్లు దులిపింది, నీళ్లు రాలేదు. అప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకుని పైపును ఒక మాట తిట్టింది. ఆడదాని అవయవానికి తెలుగులో ఉన్న ఆ రెండక్షరాల మాట. మగవాళ్లు దారి ఇవ్వని లారీనీ, ఎదురు తిరిగిన ఆడమనిషినీ తిట్టే మాట.

సావిత్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందో, సిగ్గుపడుతోందో తెలియలేదు. నాకు ఒళ్లు మండింది. లేచి చెయ్యెత్తాను.

ఆ చెయ్యి దిగలేదు. జానమ్మ ఎప్పుడు లేచిందో, నా మణికట్టు పట్టుకుని ఉంది. ఆవపొట్టు అంటిన ఆమె వేళ్లు నా చర్మంలోకి దిగాయి. సన్నటి మనిషికి అంత బలం ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. ఆమె నా మొహం చూడటం లేదు, పాపను చూస్తోంది. పాప నా చేతిని చూస్తోంది.

మా అత్త కత్తి పక్కన పెట్టింది. "మాటలు నేర్పేది నువ్వే, చెయ్యి వట్టేది నువ్వేనా? మీ వాడల మాటలు గీడికి పట్టుకొస్తున్నవ్. గిందుకేనా నిన్ను వెట్టుకున్నది?"

జానమ్మ నా చెయ్యి వదిలింది. నేర్పలేదని అనలేదు. చెరిగిన ఆవాలు డబ్బాలో పోసి, మూత పెట్టి, తన టిఫిను డబ్బా తీసుకుని గేటు దాటింది. నేను ఆపలేదు. వెళ్లిపోతున్న మనిషి వెనక నిలబడి, ఈ మాట పాపకు ఈమె దగ్గర్నుంచే వచ్చి ఉంటుందని నేను కూడా అనుకున్నాను. చదువుకున్నదాన్ని, తరగతిలో పిల్లలకు ఆధారం లేకుండా ఏదీ నమ్మొద్దని చెప్పేదాన్ని. అయినా అనుకున్నాను. అది దాచి మిగతాదంతా రాస్తే ఈ రాతకు విలువ లేదు.

నాలుగు రోజులకు ఆధారం దానంతటదే దొరికింది. పొలంలో బావి కాడికి పోయాం. మా మామ శ్రీశైలం బోరు మోటారు స్టార్టరు నొక్కుతున్నాడు. పట్టుకోవడం లేదు. మూడోసారి నొక్కి, మోటారును ఆ మాటతోనే తిట్టాడు. నా చంకలో ఉన్న నిహారిక ఆయనతో పాటే అదే మాట అంది, అదే గొంతుతో, ఒక అక్షరం ముందూ వెనకా కాకుండా. తాత వెనక్కి తిరిగి నవ్వాడు. మనవరాలు తోడు దొరికిందన్నాడు. ఆయన ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అంటాడో నాకు పెళ్లయినప్పటి నుంచీ తెలుసు. ఎప్పుడూ చెవిన పడలేదు, అంతే.

ఆ సాయంత్రమే జానమ్మ కిరాయికి ఉండే అర్రకు వెళ్లాను. ఆమె గడపలో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కొంచెం జరిగి జాగా ఇచ్చింది. నేను మామ సంగతి చెప్పి, తప్పయిందన్నాను. ఆమె తల ఊపింది. ఆ మాట ఎవరింట్లో లేదని అడిగింది. తర్వాత, నేను అడగకముందే, చెయ్యి ఎందుకు పట్టుకుందో చెప్పింది. అప్పటి వరకూ ఆమెకు ఒక కూతురు ఉండేదని నాకు తెలియదు.

పేరు మెర్సీ. ఒక్కతే బిడ్డ. తెలంగాణ వచ్చిన మరుసటేడు మూడో తరగతి చదువుతోంది. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు, నీళ్లు రావు. పిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా, ఇంటికొచ్చేదాకా బిగబట్టుకునేవాళ్లు. పత్తి ఏరే రోజులు. బడి లేని నాడు మెర్సీ కూడా తల్లి వెంట చేనుకు పోయేది. అట్లాంటి ఒక ఆదివారం చేను ఆసామి వచ్చి గట్టున నిలబడి ఉన్నాడు. ఆలస్యంగా వచ్చారని పొద్దున్నే కూలీ ఆడవాళ్లందరినీ కులం పేరు ముందు పెట్టి, ఆ రెండక్షరాల మాట వెనక పెట్టి తిట్టాడు. ఆ ఊళ్లో అది కొత్తేమీ కాదు. ఎవరూ తల ఎత్తలేదు.

మధ్యాహ్నం మెర్సీ గౌను పట్టుకుని సాళ్ల మధ్య నుంచి ఉరికొచ్చింది. తల్లి దగ్గర ఆగి, ఏడుస్తూ, తనకు ఎక్కడ మండుతోందో చెప్పింది. ఆ చోటుకు దానికి తెలిసిన పేరు ఒక్కటే. ఆసామి నోట విన్నది, కల్లు దుకాణం ముందు విన్నది, తల్లి పంపు కాడ కొట్లాడుతూ అనగా విన్నది. ఆ మాటే అంది. పొద్దున్న తిట్లు తిన్న ఆడవాళ్లంతా నవ్వారు. గట్టు మీది ఆసామి కూడా నవ్వాడు.

"ఒక్కటే దెబ్బ మేడం," అంది జానమ్మ. "మళ్ల కొట్టలె. గా ఒక్కటే."

ఆ తర్వాత మెర్సీ మండుతోందని అనలేదు. కడుపు నొస్తోందని అంది. ఊళ్లో సూదులేసే భిక్షపతి పురుగులయ్యాయని మందిచ్చాడు. జ్వరం వచ్చింది. జ్వరానికి సూది వేశాడు, తగ్గింది, మళ్లీ వచ్చింది. పత్తి పని ఆగేది కాదు. తొమ్మిదో రోజు పిల్ల నిలబడలేకపోతే ఆటోలో దేవరకొండకూ, అక్కడి నుంచి నల్లగొండ దవాఖానకూ తీసుకుపోయారు. డాక్టరమ్మ పిల్ల నడుము పక్కన నొక్కి చూసి, ఉచ్చ పోసేటప్పుడు మంట ఉండేదా అని అడిగింది.

జానమ్మ వెల్లుల్లి పాయ పట్టుకుని ఆగింది. "మెర్సీ నోరు తెరవలె. నా మొకం దిక్కు చూడలె మేడం. నా చేతి దిక్కు చూసింది."

అప్పటికే మూత్రపిండాలు చెడి, విషం రక్తంలోకి ఎక్కింది. రెండు రోజులకు పోయింది.

నా బుర్ర అలవాటుగా లెక్క వేసింది. మొదటి రెండు మూడు రోజుల్లో తెలిసుంటే ఏ మందుకు తగ్గేదో, ఎన్ని గోలీలు పట్టేవో. నా మొహంలో అది కనిపించిందేమో, జానమ్మే అడిగింది, ముందుగా తెలిస్తే బతుకుతుండెనా అని. నేను చెప్పలేమన్నాను. "తెల్సులే," అంది. "దవాఖానల అయిదేండ్లు చేసిన."

బిడ్డ పోయిన ఏడాదే ఆమె ఆ పనికి చేరింది. అక్కడ కూడా ఆ మాట ఉంది. నొప్పులతో అరిచే ఆడవాళ్లను నర్సులూ ఆయాలూ అదే మాటతో గద్దించేవాళ్లు. అట్లా గద్దిస్తేనే కాన్పు తొందరగా అవుతుందని అక్కడ ఒక నమ్మకం. మొదటి సంవత్సరం జానమ్మ కూడా అంది. అందరూ అంటుంటే తన నోటికీ వచ్చేదని, ఎవరి మీదా నెపం వెయ్యకుండా చెప్పింది. ఒకసారి అచ్చంపేట దిక్కు నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ల పిల్లను అట్లా తిట్టింది. ఆ పిల్ల అరుపు మింగేసింది. కాన్పయ్యాక నెత్తురు ఆగకుండా పోతున్నా ఎవర్నీ పిలవలేదు. దుప్పటి తడిసి మంచం కిందికి కారుతుంటే జానమ్మ చూసింది. పిల్ల బతికింది. ఎందుకు పిలవలేదంటే, మళ్లీ తిడతారని అంది. ఆ నాటి నుంచి జానమ్మ వార్డులో గొంతు ఎత్తలేదు.

నేను లేచేటప్పుడు, ఇదంతా ఎక్కడైనా రాయొచ్చా అని అడిగాను. మెర్సీ పేరు రాయమంది. ఆ మాట మాత్రం రాయొద్దంది. రెండూ ఒకే కాగితం మీద ఉండొద్దని ఆమె కోరిక. అందుకే రాయడం లేదు. సిగ్గుపడి కాదు.

జానమ్మ తిరిగి పనికొచ్చింది. మాట ఎక్కడి నుంచి వచ్చిందో మా అత్తకు నేను చెప్పాను. ఆమె, మగవాళ్లు సవాలక్ష అంటారు, ఆడపిల్ల అనొద్దు కదా అంది. తప్పయిందని అనలేదు. జానమ్మకు ఒక సీసాలో మామిడికాయ తొక్కు పెట్టి పంపింది.

ఇక నేను ఆ ఖాళీ నింపడానికి కూర్చున్నాను. పుస్తకంలో ఉన్న శుభ్రమైన మాట "యోని" నేర్పాను. జానమ్మ "ఉచ్చపోసే జాగ" అని నేర్పింది. పాపకు మూడు మాటలయ్యాయి, తాతది కలుపుకుని. పది రోజులకు సావిత్రమ్మ మనవడి పుట్టినరోజు నాడు, అందరూ కేకు తింటుండగా, నిహారిక వచ్చి తన యోని మీద చీమ కుట్టిందని గట్టిగా చెప్పింది. పైపును తిట్టిన నాటిలాగే సావిత్రమ్మ అదే కొంగును అదే నోటికి అడ్డం పెట్టుకుంది. శుభ్రమైన మాట పది రోజుల్లో మురికిదైంది. దోషం అక్షరాల్లో లేదని నాకు అప్పుడు తెలిసింది. కానీ ఎక్కడుందో తెలిసినంత మాత్రాన ఏం చెయ్యాలో తెలియలేదు.

మరుసటి మార్చిలో నా పాత విద్యార్థిని శ్రీవాణి ఫోను చేసింది. హైదరాబాదులో లా చదువుతోంది. మహిళా దినం నాడు నల్లగొండ గడియారం సెంటరు దాకా ఊరేగింపు పెడుతున్నారట. ఆ రెండక్షరాల మాటను అట్టల మీద పెద్దగా రాసి, పట్టుకుని నడవాలని వాళ్ల ఆలోచన. అది మన ఒంటి పేరు, మనల్ని కొట్టడానికి వాళ్లు ఎత్తుకుపోయారు, మనమే ముందుగా అంటే వాళ్ల నోట్లో దానికి పదును పోతుందని చెప్పింది. నాకు ఆ వాదన నచ్చింది. ముందురోజు మీటింగుకు జానమ్మను వెంట తీసుకుపోయాను.

పదిహేను మంది అమ్మాయిలు, నేల మీద అట్టలు, రంగు డబ్బాలు. ఆసామి తిట్లు తిన్న మనిషిగా జానమ్మను మాట్లాడమన్నారు. ఆమె ఒక అట్టను చూసింది. చదవడం అంతగా రాదు, కానీ ఆ రెండక్షరాలు పోల్చుకుంది.

"నిన్ను గీ మాట ఎన్నిసార్లు అన్నరు బిడ్డా?" అని శ్రీవాణిని అడిగింది.

శ్రీవాణి నిజమే చెప్పింది. బస్సులో ఒకసారి, ఫోనులో చాలాసార్లు.

"ముంగట కులం పేరు వెట్టి?"

లేదని తల ఊపింది.

"నువ్వు రేపు నడుస్తవ్, అట్ట ఆడ వారేసి బస్సెక్కుతవ్. మా వాడల పొద్దుగాల లేస్తే గదే మాట. నేను గూడ అట్ట పట్టుకుంటె, ఆసామి ఏమంటడు? అదే ఒప్పుకున్నది, ఇగ అంటె తప్పేంది అంటడు."

"అట్లని మింగుకుంట ఉండాల్నా అమ్మా?"

"మింగుమని అంటలేను. మెడల ఏసుకోను అంటున్న."

శ్రీవాణి నా వైపు చూసింది. మెర్సీ సంగతి నేను ఆమెకు ఫోనులో చెప్పాను. చెప్పకూడని పని. ఆమె కింద కూర్చుని, జానమ్మ మోకాలు పట్టుకుని, మెల్లగా అడిగింది.

"అమ్మా, ఆ మాట మురికిది కాకుంటే, ఆనాడు నువ్వు కొడుతుంటివా?"

ఈ పిల్లను ఇప్పుడే బయటికి పంపాలి అనుకున్నాను, కదల్లేకపోయాను. జానమ్మ తన కుడిచేతిని తిప్పి అరచెయ్యి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"కొట్టకపోతుంటి," అంది.

ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. మరునాడు వాళ్లు అట్టలతోనే నడిచారు. జానమ్మ నడవలేదు. సెంటర్లో ఒక దుకాణం మెట్ల మీద కూర్చుని, వాళ్లు వచ్చేసరికి నీళ్ల ప్యాకెట్లు సిద్ధంగా పెట్టింది. ఎవరో వీడియో తీసి ఫోన్లలో తిప్పారు. వారం లోపల శ్రీవాణికి కొన్ని వేలమంది ఆ మాటే పంపారు. ఆమె ముందుగా అన్నందువల్ల దాని పదును ఏమీ తగ్గలేదు. ఇంట్లో ఫోను గుంజుకున్నారు, ఆ ఏడాది పరీక్ష రాయనివ్వలేదు. నేను ఆ సంగతి చెప్తే జానమ్మ, నేను చెప్పలేదా అనలేదు. పిల్ల అన్నం తింటోందా అని అడిగింది. చేసింది తప్పని గానీ ఒప్పని గానీ ఆ తర్వాత కూడా అనలేదు. నాకూ ఈ రోజు వరకు తేలలేదు.

నిహారిక బడిలో చేరాక జానమ్మ తన ఊరికి వెళ్లిపోయింది. మోకాళ్లు అరిగాయి. అక్కడ మెర్సీ సమాధి ఉంది.

పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం నిహారిక బడి నుంచి వచ్చి, సంచీ దించకుండా నా ముందు నిలబడింది. మా అత్త, సావిత్రమ్మ అక్కడే ఉన్నారు. పాప తనకు ఎక్కడ మండుతోందో చెప్పింది. దానికి మూడు మాటలు తెలుసు. ఏడుపులో నోటికి వచ్చింది తాత మాటే.

అని, నా చేతి వైపు చూసింది. నేను దాన్ని ఎన్నడూ కొట్టలేదు. ఒక్కసారి చెయ్యెత్తాను, అది కూడా దిగలేదు. అయినా చూసింది.

నా చెయ్యి కదిలింది. కదలలేదని చెప్తే అబద్ధం. ఆ చేతిని రెండో చేత్తో పట్టి కిందికి తెచ్చుకున్నాను. తర్వాత అడిగాను. ఎప్పట్నుంచి, ఉచ్చ పోసేటప్పుడా, తర్వాతనా, బడిలో ఎన్నిసార్లు పోతున్నావు. బడి దొడ్డిలో రెండు వారాలుగా నీళ్లు లేవని, ఎవరూ పోవడం లేదని చెప్పింది. మా అత్త లేచి చెంబుతో నీళ్లు తెచ్చి దాని నోటికి అందించింది. మరునాడు పరీక్ష చేయించాం. ఇన్‌ఫెక్షన్. వారం రోజుల మందు. తగ్గిపోయింది, అంత చిన్నది.

అంత చిన్నదాని కోసం ఇంకా నాకు నిద్రలో ఉలికిపాటు వస్తుంది. బిడ్డ ఏదైనా చెప్పడానికి నా ముందుకొచ్చి నిలబడిన ప్రతిసారీ నేను చేసేది ఒకటే. మెర్సీ సంగతి విన్న సాయంత్రం నేను లేచి వస్తుంటే, వెల్లుల్లి పొట్టు దులుపుకుంటూ గడప దిగి వచ్చి జానమ్మ చెప్పిన పని.

"మాట ఏదన్న గానీ మేడం. పిల్ల నోరు తెరిస్తే, ముందుగాల నీ రెండు చేతులు ఒళ్లె పెట్టుకో. గప్పుడు అడుగు."